మీటకు కట్టిన వైరు

నరసింహప్ప ఇంట్లో దేవుడి పటాలకు పండగ పండగకే గుడ్డ తగిలేది. చెయిన్ బ్లాకుకు మాత్రం ప్రతి శుక్రవారం నూనె పడేది. గోనెసంచి పరిచి, దాని మీద గొలుసును చాచి, ఒక్కొక్క కడియాన్నీ తుడిచి, ఆయిలు పట్టించి, మళ్లీ గోనెలో చుట్టి అటక మీద పెట్టేవాడు. భార్య ఆదిలక్ష్మమ్మ చూసి చూసి, "నా మోకాళ్లకు ఒక్కనాడన్నా ఇంత నూనె పూసినావా?" అని దెప్పేది. ఆయన నవ్వేవాడు కాదు. ఆ ఇనుము జోలికి వస్తే ఆయనకు హాస్యం తెలియదు.

గనిలో ఉద్యోగం అయిపోయి కామసముద్రం దగ్గరున్న సొంత ఊరికి వచ్చేటప్పుడు, కేజీఎఫ్‌లో పాత ఇనుము అమ్మే గుజిరీ అంగట్లో దాన్ని కొన్నాడు, గనిలో వాడిన రకమే. చూడ్డానికి గుమ్మడికాయంత ఇనుప డబ్బా. రెండు వైపులా రెండు కొక్కేలు, మధ్యలో గొలుసు. పిడి పట్టుకుని ముందుకూ వెనక్కూ ఆడిస్తే లోపలి చక్రం టక్కుమని ఒక్కో పన్ను తిరుగుతుంది, గొలుసు ఇంత ఇంతగా దగ్గరికి వస్తుంది. ఒంటిమనిషి కూర్చున్నచోటి నుంచి టన్ను బరువు లాగొచ్చు. పక్కన వేలెడంత మీట ఒకటి ఉంటుంది. అది పైకి ఉంటే బ్లాకు లాగుతుంది, కిందికి తిప్పితే లాగినదాన్ని పన్ను పన్నుగా వదులుతుంది. బరువు లేనప్పుడైతే గొలుసును చేత్తోనే మొదటికి లాక్కోవచ్చు.

నరసింహప్ప ఆ మీటను పైకే ఉంచి, బైండింగ్ వైరుతో నాలుగు చుట్లు చుట్టి, కొసలు మెలిపెట్టేశాడు. గనిలో రెస్క్యూ గ్యాంగు అలవాటు అది. చీకట్లో, దుమ్ములో, ఎవడి మోచెయ్యో తగిలి మీట కిందికి పడితే, పైకెత్తిన బండ మళ్లీ మనిషి మీదికే వస్తుంది. అందుకని బ్లాకు చేతికి రాగానే మొదట వైరు కట్టేవాళ్లు, ఆ తర్వాతే పిడి ముట్టుకునేవాళ్లు. ఊళ్లో ఎత్తాల్సిన బండలేమీ లేవు. అయినా ఆయన వైరు విప్పలేదు. శుక్రవారం శుక్రవారం పూసిన నూనె, దాని మీద పడ్డ దుమ్ము కలిసి ఆ చుట్లు నల్లగా గట్టిపడిపోయాయి.

అది ఊరూరా పాల డైరీలు తెరుచుకున్న కాలం. నాటు ఆవులకు సీమ జాతి సూదులు వేయించడం మొదలైంది. పాలు పెరుగుతాయన్నారు, పెరిగాయి కూడా. దూడలూ పెరిగాయి. పొట్టి ఆవు కడుపులో పెద్ద దూడ పడితే బయటికి వచ్చే దారి ఎక్కడుంటుందో సూది వేసినవాడు చెప్పలేదు, వేయించుకున్నవాడు అడగలేదు. ఆవులు ఈనలేక రోజంతా ముక్కి ముక్కి కూలబడేవి. అట్లాంటి ఒక ఆవుకు నలుగురు మగవాళ్లు లాగి ఓడిపోయినప్పుడు నరసింహప్ప అటక మీది గోనెసంచి దించాడు. బ్లాకును నేలలో పాతిన రాతి కూసానికి తగిలించి, దూడ కాళ్లకు కట్టిన తాడును కొక్కేనికి వేసి, పిడి ఆడించాడు. దూడ వచ్చింది. బతికింది కూడా.

ఆ రోజుతో ఆయన పేరు మారిపోయింది. లాగే నరసింహప్ప అయ్యాడు. ఐదారేళ్లలో చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిపి పందొమ్మిది దూడల్ని లాగాడు. వాటిలో నాలుగు చచ్చి బయటపడ్డాయి. అవి కడుపులోనే చచ్చుంటాయిలే అని ఊరు సర్దుకుంది. మరో రెండు ఆవులు ఈనిన తర్వాత నెలల తరబడి వెనక కాలు ఈడ్చాయి. ఆ ఆవులే నీరసంవి అన్నారు. ఒకసారి నమ్మాక జనం ఇట్లాగే ఉంటారు, తప్పు ఎవరి నెత్తిన పెట్టినా పెడతారుగానీ నమ్మినవాడి దగ్గరికి పోనివ్వరు.

ఒక్క దొడ్డమ్మ మాత్రం సర్దుకోలేదు. ఆమె ఊళ్లో పశువులకు పురుడు పోసే ముసలిది. ఆమె దగ్గరున్న సరంజామా అంతా ఒక సత్తు బోసిలో పట్టేది. మూరెడు మూరెడున్న రెండు నూలుతాళ్లు, వాటిని మరగబెట్టిన నీళ్లలో వేసి తీస్తుంది. గిన్నెడు ఆముదం. గోళ్లు తీసుకున్న చెయ్యి. జనపతాడు ముట్టదు, దూడ కాళ్లు కోసుకుపోతాయంటుంది. ఆవు ముక్కితే లాగుతుంది, ఆవు ఊపిరి తీసుకుంటే తానూ వదిలేసి కూర్చుంటుంది. "నీ తాడుతో దూడ వచ్చేలోపల దానికి కొమ్ములు మొలుస్తాయి" అని నరసింహప్ప ఎగతాళి చేసేవాడు.

"మొలిస్తే మొలవనీరా. నువ్వు లాగేది రాయి అనుకున్నావు. దాని చుట్టూ ఆవు ఉండాది" అనేది ఆమె.

నరసింహప్పకు అంత నమ్మకం ఊరికే రాలేదు. దానికి సాక్షి ఉన్నాడు, పేరు హనుమంతప్ప. ఇద్దరిదీ ఒకే ఊరు, గనిలో ఒకే షిఫ్టు. ఒకనాడు భూమి లోపల ఏర్‌బ్లాస్ట్ అయింది. రాయి తనంతట తానే పేలి విరుచుకుపడడాన్ని గని వాళ్లు అట్లా అంటారు. హనుమంతప్ప తొడల మీద మంచమంత బండ పడింది. నరసింహప్ప పొట్ట మీద పాక్కుంటూ లోపలికి పోయి, బ్లాకు తగిలించి, వైరు కట్టి, ఆరు గంటల పాటు పన్ను పన్నుగా ఆ బండను లేపాడు. కింద హనుమంతప్ప చేసిన పని ఒక్కటే, ఆ టక్కు టక్కు లెక్కపెట్టుకోవడం. ప్రాణం దక్కింది. ఎడమ కాలు ఆసుపత్రిలో ఉండిపోయింది.

ఆనాటి నుంచి హనుమంతప్ప కనిపించిన ప్రతివాడికీ అదే కథ చెప్పేవాడు. "అది వెనక్కి పోయే మిషను కాదప్పా. ఒక్క పన్ను వెనక్కి పోయుంటే నేను ఈ పొద్దు ఈడ కూసోని బీడీ తాగుతా ఉండను" అనేవాడు. వింటున్న నరసింహప్ప తల వంచుకునేవాడు. లోపల గుండె ఉప్పొంగేది. మనిషికి అంతకంటే ఏం కావాలి?

ఒంటికాలి మనిషి రాగి చేను దున్నలేడు, మామిడి చెట్టెక్కలేడు. అందుకని హనుమంతప్ప ఒక పెయ్యను సాకాడు. ఎర్రటి పెయ్య, పేరు కెంపి. మూడేళ్లు చంకలో కర్రతో కుంటుకుంటూ గట్ల మీద గడ్డి కోసుకొచ్చి మేపాడు. అది చూలు కట్టిన రోజు భార్య తాయమ్మ ఊరంతా బెల్లం పంచింది. కెంపి ఈని పాలిస్తే ఆ ఇల్లు తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. ఈనకపోతే తాయమ్మ మళ్లీ ఇటికెల బట్టీకి పోవాలి, హనుమంతప్ప అరుగు మీద కూర్చుని ఆమె దారి చూడాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, నరసింహప్పకూ తెలుసు.

కెంపికి నొప్పులొచ్చిన రోజు పొద్దున ఎనిమిది గంటలకు తాయమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. "బావా, బిరీన రా. తెల్లారినప్పటి నుంచి ముక్కతా ఉండాది. నీ మిషను గూడా ఎత్తుకోని రమ్మన్నాడు ఆయన."

నరసింహప్ప వెళ్లేసరికి కొట్టంలో దొడ్డమ్మ అప్పటికే మోచేతి దాకా ఆముదం పూసుకుని, చెయ్యి లోపల పెట్టి కళ్లు మూసుకుని ఉంది. చెయ్యి తీసి, నీళ్లతో కడుక్కుని చెప్పింది. "ముందరి కాళ్లు, తలకాయి సరిగ్గానే ఉండాయి. దూడ బతికే ఉండాది, నా వేలు చీకింది. అయితే శానా పెద్దది. ఈ పెయ్య నడుము చూడండి, నా జానెడు లేదు. బేతమంగళకు మనిషిని పంపించి డాక్టరును పిలిపించండి. అంతవరకూ నేను కొంచెం కొంచెంగా చూసుకుంటా ఉంటాను."

హనుమంతప్ప కొట్టం గడపలో కర్ర మీద ఆనుకుని నిలబడి ఉన్నాడు. అతను నరసింహప్ప చంకలోని గోనెసంచి చూశాడు. ముఖం తేటపడింది. "డాక్టరెందుకు దొడ్డమ్మా? అన్న వచ్చేసినాడు కదా. నన్నే తీసినోడికి దూడ ఒక లెక్కా?"

నరసింహప్ప కెంపి వెనక నిలబడి దాని నడుము చూశాడు. నిజంగానే చిన్నది. ఒక్క నిమిషం ఆయనకు, డాక్టరు వస్తే మంచిదేమో అనిపించింది. బేతమంగళ బస్సు ఇంకా ఊరు దాటలేదు కూడా. నోరు తెరవబోయి హనుమంతప్ప వైపు చూశాడు. పన్నెండేళ్లుగా ఆ కళ్లు తనను దేవుణ్ణి చూసినట్టు చూస్తున్నాయి. ఆ కళ్ల ముందు 'నా వల్ల కాదేమో' అనే మాట ఆయన నోటికి రాలేదు. గోనెసంచి విప్పాడు.

కెంపి మెడను ముందున్న గుంజకు కట్టారు. బ్లాకును పది అడుగుల వెనక రాతి కూసానికి తగిలించాడు. దూడ కాళ్లకు మాత్రం దొడ్డమ్మ తన నూలుతాళ్లే వేసింది, గిట్ట పైన కీలు దాటి ఒక ఉచ్చు, కింద ఇంకొక మెలి. గొలుసు సరాసరి కాళ్లకు వేస్తానంటే చెయ్యి అడ్డం పెట్టింది. ఆ తాళ్ల కొసలు కలిపి కొక్కేనికి తగిలించారు. నరసింహప్ప నేల మీద కూర్చుని, కాళ్లు చాచి, పిడి పట్టుకున్నాడు.

టక్కు. టక్కు. టక్కు.

"అది ముక్కినప్పుడు లాగరా, ఇప్పుడు కాదు" అంటోంది దొడ్డమ్మ. ఆయన వినీ విననట్టు తన వరసలో తాను పోతున్నాడు. గనిలో బండ ముక్కదు, ఊపిరి తీసుకోదు. వచ్చినంత పట్టుకోవాలి, పట్టుకున్నది వదలకూడదు. ఆయన చేతులకు తెలిసిన విద్య అదొక్కటే.

కాళ్లు వచ్చాయి. తల వచ్చింది. కెంపి ఒక్కసారి అంబా అని అరిచింది, భుజాలు జారాయి. తెల్లటి నామం ఉన్న నల్లటి తల, నాలుక బయటికి వేలాడుతోంది. దొడ్డమ్మ ముక్కులోని జిగురు తుడిచేసరికి దూడ తుమ్మి కన్ను తెరిచింది. తాయమ్మకు ఏడుపొచ్చేసింది. "కన్ను తెరిచింది! చూడు, కన్ను తెరిచింది!" అని మొగుడి భుజం పట్టుకుని ఊపింది. హనుమంతప్ప నవ్వుతూ అరిచాడు, "ఇంగేముండాదన్నా, లాగేయ్!"

అక్కడే ఆగిపోయింది. దూడ సగం బయట, సగం లోపల. దాని తుంటి ఎముకలు ఆవు తుంటి ఎముకల్లో ఇరుక్కున్నాయి. నరసింహప్ప పిడి ఆడించాడు. గొలుసు బిగుసుకుని గజగజలాడింది, దూడ కదల్లేదు.

దొడ్డమ్మ దూడ కిందికి చెయ్యి పోనిచ్చి తడిమి చూసింది. "ఆపు! తొంటి తగులుకుంది. వదులు చెయ్యి. కొంచెం వెనక్కి పోనీ, పక్కకు తిప్పితే అదే వస్తాది."

"వదిలేదా? ఇంత దూరం వచ్చినాక వదిలేదా?"

"నరసింహా, నా మాట ఇను. వెనక్కి పోనీ!"

"సుమ్నే ఉండమ్మా నువ్వు!" అని కసిరాడు ఆయన. గడప దగ్గర నుంచి హనుమంతప్ప వంత పాడాడు. "అది వెనక్కి పోయే మిషను కాదు దొడ్డమ్మా. నువ్వు లాగన్నా."

టక్కు. కెంపి ఒళ్లంతా వెనక్కి సాగింది, మెడతాడు బిగిసి నాలుక బయటికొచ్చింది. టక్కు. లోపల ఎక్కడో పచ్చికట్టె విరిచినట్టు ఒక చప్పుడు. కెంపి అరవలేదు. వెనక కాళ్లు రెండూ అటొకటి ఇటొకటి జారిపోయి ధబ్బున కూలబడింది. కూలబడినా గొలుసు వదల్లేదు. ఆవు బరువంతా ఇప్పుడు ఆ దూడ మీదే ఉంది.

అప్పుడు భయపడ్డాడు నరసింహప్ప. వదలాలి అని తోచి మీట మీద వేలు పెట్టాడు. మీట కదల్లేదు. వైరు. నాలుగు చుట్ల వైరు, ఏళ్ల తరబడి నూనె తాగి ఇనుములో ఇనుమైపోయిన వైరు. గోళ్లతో గీరాడు, పళ్లతో కొరికాడు, పెదవి తెగింది. మెలిక ఎక్కడుందో చేతికి అందలేదు. పటకారు ఇంట్లో ఉంది. దూడ తెరిచిన కన్ను ఆయన వైపే చూస్తూ ఉంది, చూస్తూ చూస్తూనే అందులో వెలుగు మాసిపోయింది.

దొడ్డమ్మ కొట్టం చూరులో చెక్కిన కొడవలి లాగి తాళ్లు తెగ్గోసింది. గొలుసు ఎగిరొచ్చి కూసానికి కొట్టుకుంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, దూడను రెండు చేతులా లోపలికి నెట్టి, మెల్లిగా పక్కకు తిప్పింది. "తాయీ, నువ్వు పట్టుకో. నేను చెప్పినప్పుడు కిందికి లాగు, కాళ్ల వైపు" అంది. కెంపి నీరసంగా ఒకసారి ముక్కింది. ఇద్దరు ఆడవాళ్లు లాగారు. దూడ జారి వచ్చేసింది, అంత సులువుగా. పెయ్యదూడ. చచ్చిపోయి ఉంది.

దొడ్డమ్మ దాని మీద గోనె కప్పింది. సత్తు బోసిలో తాళ్ల ముక్కలు వేసుకుని, ఎవరినీ ఏమీ అనకుండా వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు నరసింహప్ప.

కెంపి లేవలేదు. మర్నాడు బేతమంగళ నుంచి పశువుల డాక్టరు మోపెడ్ మీద వచ్చాడు. వెనక కాళ్లు గిల్లి చూశాడు, సూదితో పొడిచి చూశాడు. ఆయన సంచిలో రెండు సన్నటి గొలుసులు, రెండు చేతి పిడులు ఉన్నాయి, వేడినీళ్లలో కడిగి గుడ్డలో చుట్టినవి. నరసింహప్ప వాటినే చూస్తుంటే, "దీనికి ఇవే కావాలప్పా" అన్నాడు డాక్టరు. "ఇద్దరు మనుషుల బలం దాటకూడదు. ఆవు ముక్కితే లాగాలి, ఆగితే వదలాలి. తుంటి దగ్గర ఇరుక్కుంటే వెనక్కి నెట్టి తిప్పాలి." దొడ్డమ్మ చెప్పిన మాటలే, పొల్లు పోకుండా.

తర్వాత అడిగాడు, "మీరు దేంతో లాగారు?"

నరసింహప్ప నోరు తెరిచేలోపల హనుమంతప్ప అందుకున్నాడు. "చేత్తోనే సార్. నేను, అన్న, ఆడోళ్లు."

డాక్టరు సూది సంచిలో పెట్టుకున్నాడు. "చేత్తోనే అయితే ఎముక విరిగి ఉండదులే. నరాలు నలిగి వాచి ఉంటాయి. పక్కలు మారుస్తూ ఉండండి, వారం చూడండి, లేస్తుంది" అన్నాడు. మందు రాసిచ్చి వెళ్లిపోయాడు.

ఆ మోపెడ్ చప్పుడు ఊరి చివర దాకా వినిపిస్తూనే ఉంది. వెనక నుంచి కేకేసి పిలవడానికి బోలెడంత వ్యవధి ఉంది. నరసింహప్ప పిలవలేదు. సిగ్గు అడ్డం వచ్చింది. హనుమంతప్ప ఆయన చెయ్యి పట్టుకుని, "నీ పేరు పోగొడ్తానా అన్నా?" అన్నాడు. ఆ మాట వినగానే ఆయనకు భూమిలో దూరిపోవాలనిపించింది.

ఆ అబద్ధానికి కెంపి ఆరు రోజులు నేల మీద పడి ఉంది. పక్కలు ఒరుసుకుపోయి పుళ్లు పడ్డాయి. ఈగలు ముసిరాయి. పొదుగులోకి పాలు దిగి గడ్డకట్టాయి. తాయమ్మ వాటిని పిండి నేల మీద పోసేది, పోసినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకునేది. నరసింహప్ప పొద్దూ మాపూ వచ్చి దాన్ని పక్కకు తిప్పేవాడు. వెనక కాలు ముట్టుకుంటే ఎముక లోపల కరకరమనేది. నరం కాదని ఆయనకు రెండో రోజే తెలిసింది. తెలిసీ చెప్పలేదు. చెప్పాలని వచ్చేవాడు, హనుమంతప్ప ముఖం చూసి గడ్డి వేసి వెళ్లిపోయేవాడు.

ఏడో రోజు మధ్యాహ్నం హనుమంతప్పే అన్నాడు, "మిషను ఎత్తుకోని రా అన్నా. దాన్ని నిలబెట్టల్ల. ఒక్కసారి కాళ్లు నేలకు ఆనితే బలం వస్తాది. నన్ను లేపినట్టే దీన్నీ లేపు."

నరసింహప్ప వద్దనలేకపోయాడు. మూడు నీలగిరి కొయ్యలు తెచ్చి పైన కలిపి కట్టాడు, గనిలో కట్టినట్టే. గోనెసంచులు కలిపి కుట్టి కెంపి పొట్ట కింద పోనిచ్చారు. బ్లాకు పైన తగిలించి పిడి ఆడించాడు. టక్కు టక్కున కెంపి నేల నుంచి లేచింది. ముందు కాళ్లు ఆనాయి. వెనక కాళ్లు తడిబట్టల్లా వేలాడాయి. ఒక కాలు తుంటి దగ్గర, తిరగకూడని వైపుకి తిరిగిపోయింది. కెంపి కళ్లు తేలేసి మూలిగింది.

"ఇంగొక పన్ను అన్నా" అన్నాడు హనుమంతప్ప. కర్ర వదిలేసి, గోడ పట్టుకుని, ఒంటికాలి మీద ముందుకు వంగి ఉన్నాడు. "ఒకే ఒక పన్ను. నిలబడతాది."

"నిలబడదురా తమ్ముడూ" అన్నాడు నరసింహప్ప. ఆరు రోజులుగా గొంతులో ఉన్నది అప్పుడు బయటికొచ్చింది. "దాని ఎముక నేనే ఇరిచినాను. ఆ పొద్దే ఇరిగింది. నాకు తెలుసు."

జేబులోంచి పటకారు తీశాడు. ఈసారి తెచ్చుకున్నాడు. వైరు మెలిక పట్టి నొక్కితే చుట్లు ఒక్కొక్కటే తెగి నేల మీద పడ్డాయి. బొటనవేలితో మీటను కిందికి తిప్పాడు. అది కొత్తదానిలా తిరిగింది. పిడి పట్టుకుని ఆడించాడు, గొలుసు పన్ను పన్నుగా సడలింది. కెంపి మెల్లమెల్లగా, ఎక్కడా కుదుపు లేకుండా, కిందికి దిగి గడ్డి మీద పక్కకు వాలింది. తాయమ్మ దాని తల తన ఒళ్లోకి తీసుకుంది.

హనుమంతప్ప గొలుసు వైపు చూస్తూ ఉండిపోయాడు. పన్నెండేళ్లలో ఆ రకం మిషను దించగా అతను చూడలేదు.

"అన్నా" అన్నాడు. "ఇది వెనక్కి గూడా పోతాదా?"

"పోతాది."

"ఆ పొద్దు దొడ్డమ్మ అడిగినప్పుడు?"

నరసింహప్ప నేల మీది వైరు ముక్కలు ఏరి గుప్పిట్లో పెట్టుకున్నాడు. "ఆ పొద్దూ పోయేదిరా" అన్నాడు.

హనుమంతప్ప గోడ పట్టుకుని వంగి, కింద పడేసిన కర్ర అందుకుని చంకలో పెట్టుకున్నాడు. ఒక్కో అడుగే వేసుకుంటూ ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.